అన్నమా? కూరా?

బంగాళాదుంపకు తెలుగులో సొంతపేరు లేదు. కోస్తావాళ్ళం బంగాళాదుంప అంటాం. బంగాళా నుంచి దిగిన సరుకని పేరులోనే వూరు చెప్పుకుంటుంది. తెలంగాణవారు ఆలుగడ్డ అంటారు. ఆ ఆలూ ఉత్తరాదిది. రాయలసీమవారి ఉర్లగడ్డలో సగం అరవం, దొర్లే గడ్డ అని అర్థం. ఒకే చుట్టాన్ని మూడు గుమ్మాల గుండా లోపలికి పిలిచాంగాని, ఎవరమూ దానికి ఇంటిపేరు ఇవ్వలేదు. ఇరవయ్యేళ్ళుగా కాకినాడలో తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి గనక ఇలాంటి సంగతులమీద నాకు ఆసక్తి మెండు. ఆ మాటల తగువు ఒకనాడు మా యింట్లో ఒక మనిషి తిండికే అడ్డు వస్తుందని మాత్రం అనుకోలేదు.

మాది కోనసీమ. అక్కడ దుంప అంటే కంద, లేకపోతే పెండలం, చేమ. కందా బచ్చలీ కలిపి ఆవపెట్టి వండిన కూర ముందు ఇంకే దుంపా నిలబడదని మా అమ్మ నమ్మకం. తద్దినాల వంటలో బంగాళాదుంపకు ప్రవేశం లేదు. క్యాబేజీ, క్యారెట్టులతోపాటు దాన్నీ సీమకూరల వరసలో కూచోబెట్టారు మన పెద్దలు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలమీద ఏడెనిమిది వేల ఏళ్ళనాడే జనం పండించుకున్న దుంప అది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు పట్టుకుపోతేగాని యూరపుకు తెలియలేదు. మనకు పోర్చుగీసు ఓడలమీద వచ్చింది. మన స్మృతికారులెవరూ దాని మొహం చూసి వుండరు. చూడనిదాని పేరు వాళ్ళు రాయలేదు, రాయనిదాన్ని మనవాళ్ళు పెట్టలేదు. పిల్లలు పేచీ పెట్టినప్పుడు వేపుడు, పూరీలు చేసిననాడు వుల్లిపాయలు వేసి కూర — అమ్మ దానికిచ్చిన హోదా అంతవరకే.

అటువంటి అమ్మ 2022 చివర రెండు నెలలపాటు ఆ దుంపనే నమ్ముకుని బతికింది. అదీ వేపుడుగా కాదు, కూరగా కాదు. వుడకబెట్టి, మెదిపి, వెన్నా పాలూ కలిపిన తెల్లటి ముద్ద. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మాష్‌డ్ పొటాటో అంటారు. వాళ్ళ భోజనంలో అది పక్కవాద్యం. అసలు పాట మరొకరిది. ఇది వినయంగా పక్కన కూచుని శ్రుతి తప్పకుండా చూస్తుంది.

అమ్మ ఆ యేడు మా అక్కయ్య దగ్గర వుంది. అక్కయ్యా బావగారూ ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరంలో వుంటారు. సెప్టెంబరులో ఒకనాటి ఉదయం కాఫీ గ్లాసు అందుకోబోయి అమ్మ పక్కకు వొరిగిపోయింది. పక్షవాతం. ప్రాణగండం తప్పింది. కుడిచెయ్యి మాత్రం స్వాధీనం తప్పింది, మాట ముద్దగా వస్తోంది, గొంతు దిగడం కష్టమయింది. కాలేజీలో ఆర్జిత సెలవు పెట్టి నేను అక్టోబరు మూడోవారంలో అక్కడ దిగేసరికి అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. మనిషి సగమయింది.

మింగడం నేర్పడానికి అక్కడ ప్రత్యేకంగా థెరపిస్టులు వుంటారు. మనం మింగే ముద్ద ఎంత తెలివిగా దారి తీసుకుంటుందో ఆ అమ్మాయి చెబితేగాని నాకు తెలియలేదు. ముద్ద వెళ్ళే క్షణంలో గాలిగొట్టం మూత పడాలి, అన్నవాహిక తెరుచుకోవాలి. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఆ తాళం తప్పుతుంది. మంచినీళ్ళు మరీ వేగంగా జారి గాలిగొట్టంలో పడతాయి, దాంతో వూపిరితిత్తుల్లో జబ్బు చేస్తుంది. పొడిపొడిగా విడిపోయే మెతుకులూ ప్రమాదమే, బంకలా అతుక్కునే ముద్దా ప్రమాదమే. అంచేత ఇలాంటివాళ్ళ ఆహారాన్ని అంతర్జాతీయంగా సున్న నుంచి ఏడు దాకా మెట్లుగా విభజించారట. అమ్మది నాలుగో మెట్టు. నలుసు లేకుండా మెత్తగా వుండాలి. చెంచాలో తీసుకుంటే ఆకారం నిలవాలి. చెంచా వొంచి కొద్దిగా విదిలిస్తే మొత్తం ముద్దగా జారిపడాలి. చెంచాకు అంటుకుని వుండిపోకూడదు. ఇదీ పరీక్ష. నేను ఇన్నేళ్ళుగా ఎన్నో ప్రశ్నపత్రాలు తయారుచేశాను గాని ఇంత నిక్కచ్చి అయిన ప్రశ్న ఒక్కటీ ఇవ్వలేదు.

అన్నం మానిపించారు. కోనసీమ మనిషికి అన్నం మానిపించడమంటే ఏమిటో నేను వేరే చెప్పక్కరలేదు. కాఫీలో ఏదో పొడి కలిపి చిక్కబరిచి ఇస్తే అమ్మ ఒక చెంచా పుచ్చుకుని, "గంజి కాఫీ" అంది. డబ్బాల్లో దొరికే మెత్తటి ఆహారాలు తెచ్చారు. పెదవి దగ్గరకు రాగానే తల తిప్పేసేది. థెరపిస్టు అమ్మాయి చూసి, మాష్‌డ్ పొటాటో చేసిపెట్టండి, ఈ దేశంలో వొంట్లో బాగుండనివాళ్ళకూ మనసు బాగుండనివాళ్ళకూ అదే పెడతాం అంది.

ఆ పని మొదట మా బావగారు తలకెత్తుకున్నారు. ఆయన ఇంజనీరు. యంత్రంతో కాని పని మనిషితో అవుతుందంటే నమ్మరు. దుంపలు వుడకబెట్టి, తొక్కు తీసి, మిక్సీలో వేసి, మూడు నిమిషాలు తిప్పారు. మూత తీసేసరికి లోపల తెల్లగా, నిగనిగలాడుతూ, గరిటె ముంచితే తీగలు సాగుతూ సినిమా పోస్టర్లు అంటించే మైదాబంక తయారయి వుంది. చెంచాను బోర్లించి పట్టుకున్నా కింద పడలేదు. "ఎంత మెత్తగా వచ్చిందో చూశావుటోయ్!" అన్నారు బావగారు. మెత్తదనంలో లోపం లేదు. గోడకు కేలండరు అంటించడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఎందుకలా అయిందో తరవాత తెలుసుకున్నాను. దుంపలోపల కోటానుకోట్ల చిన్న చిన్న గదులు. ఒక్కొక్క గదినిండా పిండి రవ్వలు. నీళ్ళలో వుడికినప్పుడు గదికీ గదికీ మధ్యనున్న జిగురు కరిగి గదులు విడిపోతాయి. లోపల పిండి నీరుతాగి వుబ్బుతుంది. గదుల గోడలు పగలకుండా వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తే నాలికమీద వెన్నలా కరిగే ముద్ద వస్తుంది. మిక్సీ బ్లేడు గోడల్ని చీల్చేస్తుంది. లోపలి పిండి బయటకు కారి ఒకటే బంక. పప్పుకు పనికొచ్చే దూకుడు దుంపకు పనికిరాదన్న మాట. మామూలు మనిషికైతే బంకముద్ద రుచి లేని తిండి, అంతే. మా అమ్మకు అది గొంతుకు అడ్డంపడే తిండి.

పక్కింటి పెద్దావిడ ఈ గొడవ విని వచ్చింది. డెబ్భయ్యయిదేళ్ళు వుంటాయి. ఒంటరి మనిషి, పిల్లలు దూరదేశంలో వున్నారు. అమ్మకు పక్షవాతం రాకముందు ఇద్దరూ కంచెకు అటూ ఇటూ నుంచుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే, గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారట. ఆవిడ వంటింట్లోకి వచ్చి ముందుగా మా దుంపల సంచి విప్పి చూసింది. ఎర్రతొక్కు దుంపలు. ఇవి కాదు అంది. ఎర్రవి వుడికినా బిరుసుగా నిలుస్తాయి. సలాడ్లకు, కూరలకు మంచివి. మెదపడానికి పిండి ఎక్కువగా వుండే దుంప కావాలి. అక్కడ రస్సెట్ అని గరుకు తొక్కుతో పొడుగ్గా వుండే రకం వుంది, వుడికితే రవ్వరవ్వగా విడిపోతుంది. యూకాన్ గోల్డ్ అని పసుపుపచ్చ కండ వున్నది మరొకటి. అది కెనడాలో పుట్టించిన రకం, 1980 లో బయటికి వచ్చింది. ఆవిడ రెండూ చెరిసగం కలిపేది. రస్సెట్ తేలికదనానికి, పచ్చది కమ్మదనానికి.

మన బజారులో ఇన్ని పేర్లు అడిగితే కొట్టువాడు మనని ఎగాదిగా చూస్తాడు. కొత్తదుంప, పాతదుంప అని రెండే మాటలు. గోరుతో గీస్తే తొక్కు పొరలా లేచివచ్చే కొత్తదుంపలో నీరెక్కువ, అది మెదపడానికి రాదు. తొక్కు ముదిరినది తెచ్చుకోవాలి. బాగా చలిలో నిలవచేసిన దుంపలో పిండి కొంత చక్కెరగా మారి తియ్యబడుతుంది. అలాంటిది తగిలితే ముద్ద కూడా తియ్యగా వుంటుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థవారు చిప్సుల కోసమని కుఫ్రి చిప్సోనా రకాలు తయారుచేశారు. చిప్సుకు నీరు తక్కువగా, పిండి ఎక్కువగా వుండాలి గనక, దొరికితే అవి మెదపడానికీ దివ్యంగా వుంటాయి.

ఇక ఆ పెద్దావిడ చేయించిన పద్ధతి చెబుతాను. కిలో దుంపలు తొక్కు తీసి ఒకే పరిమాణంలో ముక్కలు కోయాలి. ముక్కలు హెచ్చుతగ్గులుగా వుంటే చిన్నవి చితికేసరికి పెద్దవి పచ్చిగా వుంటాయి. చన్నీళ్ళలో వేసి, వుప్పు వేసి, అప్పుడు పొయ్యిమీద పెట్టాలి. మసిలే నీళ్ళలో వేస్తే పైపొర కరిగిపోతుంది, నడుమ రాయిలా వుంటుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో కత్తిమొన అడ్డులేకుండా దిగుతుంది. నీళ్ళు పూర్తిగా వార్చేసి, ముక్కల్ని మళ్ళీ ఆ వేడి గిన్నెలోనే వేసి సన్నసెగమీద రెండు నిమిషాలు కదుపుతూ వుండాలి. ఆవిరి పోవాలి. ఈ రెండు నిమిషాలూ ఎవరూ ఆగరు, అందుకే అందరి ముద్దా నీళ్ళోడుతుంది అని ఆవిడ అభియోగం. మన ఇళ్ళలో కుక్కరు విజిలు వినబడితే వంట అయిపోయినట్టే లెక్క గనక, ఆ అభియోగం మనకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది.

వేడి తగ్గకముందే మెదపాలి. మొదట వెన్న, నూరు గ్రాములు. తరవాత పాలు, పావులీటరుకు కాస్త తక్కువగా. పాలు వేడిగా వుండాలి, కొంచెం కొంచెంగా పొయ్యాలి. చెక్కగరిటెతో కలపాలేగాని చిలకకూడదు. వెన్న ముందా పాలు ముందా అంటే వెన్నే ముందు. పిండికి వెన్న పట్టాక పాలు పోస్తే బంకతనం రాదు. చన్నీళ్ళూ, చల్లటి పాలూ, చల్లబడ్డ దుంపా, ఈ మూడింటితోనూ ఆవిడకు వేరు వేరు పేచీలు వున్నాయి. చక్కెరజబ్బు వున్నవాళ్ళు ఈ ముద్ద జోలికి ఆచితూచి పోవాలి, అది రక్తంలో చక్కెరను చప్పున పెంచుతుంది. మా అమ్మకు ఆ జబ్బు లేకపోవడం మా అదృష్టం.

వెన్న నూరు గ్రాములా అని గుండెలు బాదుకునేవారికి ఒక సంగతి. పారిస్‌లో జోయెల్ రోబుషాన్ (1945–2018) అనే పాకశాస్త్రజ్ఞుడు పేరుపొందినదే ఈ ముద్దతో. ఆయన లెక్క కిలో దుంపలకు పావుకిలో వెన్న. ఇంగ్లండులో హన్నా గ్లాస్ అనే ఆవిడ 1747 లో అచ్చువేసిన వంటపుస్తకంలో రెండు పౌన్ల దుంపలకు ఒక పింటు పాలు, పావు పౌను వెన్న అన్నది. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఒహాయోలో పక్కింటి పెద్దావిడ చేతి కొలత ఆ పుస్తకంలోని వెన్నకు దరిదాపుల్లోనే వుంది. కావ్యాలకైనా ఇంత నమ్మకమైన పాఠపరంపర వుండదు.

మెదపడానికి ఆవిడ తన ఇంటినుంచి ఒక పనిముట్టు తెచ్చింది. దాన్ని చూడగానే అక్కయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అడుగున చిల్లులు, పైనుంచి నొక్కడానికి ఒక బిళ్ళ. మన జంతికల గొట్టం! పిడి తీరు వేరు, వేషం వేరు, మనిషి ఒక్కడే. అక్కయ్య అటకమీంచి పెళ్ళినాటి ఇత్తడి గొట్టం దింపి, కడిగి, సన్నచిల్లుల కారప్పూస బిళ్ళ వేసింది. వేడి దుంపముక్క వేసి నొక్కితే తెల్లటి పోగులు పళ్ళెంలోకి రాలాయి. నలుసు లేదు, వుండ లేదు. నొక్కుడే తప్ప కోత లేదు గనక గదుల గోడలూ పగలవు. వెన్నా వేడిపాలూ కలిపాక చెంచా వొంచి విదిలిస్తే ముద్ద పువ్వు రాలినట్టు రాలింది. థెరపిస్టు అమ్మాయి రెండుసార్లు విదిలించి చూసి సరేనంది.

సరే, పరీక్ష నెగ్గాం. తినవలసిన మనిషి మిగిలింది.

అమ్మ తినకపోవడానికి రుచి ఒక్కటే కారణం కాదని నాకు అప్పటికి అర్థమవుతూ వచ్చింది. కుడిచెయ్యి పనిచెయ్యదు. ఎడమచేత్తో తినమంటారు. డెబ్భైయేళ్ళు కుడిచేత్తో కలిపి తిన్న మనిషి, ఎడమచెయ్యి కంచం అంచుకు తగిలితే పిల్లల్ని కసిరిన మనిషి, ఎడమచేత్తో ఎలా తింటుంది? పోనీ మేము తినిపిస్తామంటే ఆ మాట ఇంకా పెద్ద అవమానం. ఊరందరికీ వడ్డించిన చెయ్యి అది. ఇంకొకరు నోట్లో పెడుతుంటే పెదవి చివరినుంచి కారేది, అది తుడిపించుకోవడం ఆవిడకు మరణయాతన. అందుకని అందరం వంటింట్లో తింటూంటే తాను గదిలో తలుపు వోరగా వేసుకుని కూచునేది. కంచం వెళ్ళినట్టే వెనక్కి వచ్చేది.

ఆ రోజు పళ్ళెంలో ఈ ముద్ద పెట్టి ఇచ్చాం. అమ్మ చాలాసేపు దానికేసి చూసి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అడిగింది:

"ఇదేవిట్రా? అన్నమా? కూరా?"

అక్కయ్య ఆప్యాయత కొద్దీ, "చూడమ్మా, అచ్చం అన్నంలాగే వుంది!" అంది. అసలు ఆ పెద్దావిడ తెచ్చిన పనిముట్టుకు వాళ్ళ భాషలో పేరే రైసర్. మెతుకుల్లా రాలుస్తుందని ఆ పేరు. ఆ ముక్క బావగారు సంతోషంగా వివరించబోయారు. అమ్మ చేతిలోని చెంచా పళ్ళెంలో పెట్టేసింది. ఎడమచేత్తో అన్నం! అయిపోయింది.

నాకు అప్పుడు వెలిగింది. "కాదమ్మా, ఇది కూర. వుత్త కూర. బంగాళాదుంప కూర. తాలింపు లేదు, అంతే తేడా" అన్నాను.

అమ్మ నా మొహంకేసి చూసింది. తెలుగు ఎం.ఏ. చదివిన కొడుకు మాట తప్పు చెప్పడని ఆవిడకు ఎప్పుడూ ఒక గురి. అన్నం అనే మాట సంస్కృతంలో తినడమనే అర్థం గల 'అద్' ధాతువునుంచి వచ్చింది. తినబడేది ఏదైనా అన్నమే. ఆ వ్యుత్పత్తి తరగతిలో యేటా చెబుతాను. ఆ పూట దాని వూసు ఎత్తలేదు.

"కూరైతే చెంచాతో తినొచ్చు," అంది అమ్మ తనలో తాను. "చెంచా ఏ చేతిలో వుంటే ఏం."

ఎడమచేత్తో చెంచా తీసుకుంది. చెయ్యి వొణికింది. మొదటి చెంచా సగం చీరమీద పడింది. ఎవరమూ కదల్లేదు, అక్కయ్య తుడవబోతే బావగారు కళ్ళతో వారించారు. రెండోది నోట్లోకి వెళ్ళింది. థెరపిస్టు నేర్పినట్టు గడ్డం వొంచి మింగింది. దగ్గు రాలేదు. పళ్ళెంలో మూడొంతులు అయ్యాక, "వుప్పు తక్కువ" అంది. రెండునెలల్లో ఆవిడ వంటకు పెట్టిన మొదటి వంక అది. అక్కయ్య వంటింట్లోకి వెళ్ళి కాసేపటిదాకా రాలేదు.

ఆ తరవాత వంకలు పెరిగాయి. వెన్న పచ్చివాసనట, కాచిన నెయ్యి వెయ్యమంది. వేశాం. జీలకర్ర వేయించి మెత్తగా పొడికొట్టి చిటికెడు కలపమంది. జల్లించి కలిపాం. ఒకరోజు పాలకు బదులు చిక్కటి మజ్జిగ పోయించింది, అదీ బాగానే వుంది. పక్కింటి పెద్దావిడ జీలకర్ర ముద్ద రుచిచూసి వాళ్ళింటికి ఒక సీసాడు పొడి పట్టుకుపోయింది. అసలు బంగాళాదుంప ముద్ద మనకు పరాయిదని నేను అనుకున్నానుగాని, ఆ దుంపకు పేరిచ్చిన బంగాళంలోనే ఆలూ భాతే వుంది. అన్నం గిన్నెలోనే దుంప పడేసి వుడికించి, ఆవనూనె, వుప్పు, పచ్చిమిరపకాయ వేసి మెదిపి అన్నంలోకి తింటారు. బీహారులో అదే చోఖా అవుతుంది. దుంప మన కోస్తాకు ఆ దారినే దిగింది, ఆ వంటకం మాత్రం ఎక్కడో దారిలో బండి దిగిపోయింది. ఆవపెట్టిన కూరలంటే ప్రాణం పెట్టే కోనసీమవాళ్ళు దాన్ని అందుకోకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నవంబరు 24 న అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ వచ్చింది. 1863 లో అబ్రహాం లింకన్ ప్రకటనతో దేశమంతటికీ ఒక రోజు కుదిరి, 1941 లో చట్టంతో నవంబరు నాలుగో గురువారానికి స్థిరపడిన పండుగ. మన సంక్రాంతిలాగే ఇళ్ళకు పిల్లలు చేరతారు. ఆ యేడు పెద్దావిడ పిల్లలు రాలేకపోయారు. అక్కయ్య ఆవిడను భోజనానికి పిలిచింది. మా యింట్లో మాంసం వండరని తెలుసు గనక ఆవిడ పుట్టగొడుగులతో గ్రేవీ చేసుకుని, ఒక పెద్ద గిన్నెడు మాష్‌డ్ పొటాటో పట్టుకుని వచ్చింది.

అమ్మ గదిలోనే వుంటానంది. బలవంతం చెయ్యవద్దనుకున్నాం. పెద్దావిడే గదిలోకి వెళ్ళి, ఏం చెప్పిందో, ఏ భాషలో చెప్పిందో, అయిదు నిమిషాల్లో అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ పదిమందితో కలిసి బల్లదగ్గర కూచోవడం అదే మొదలు.

అందరి పళ్ళేల్లోనూ తెల్లటి ముద్ద పడింది. పెద్దావిడ చెంచా వీపుతో తన ముద్ద నడుమ నొక్కి చిన్న గుంట చేసింది. ఆ గుంటలో గ్రేవీ పోసుకుని, గట్టు తెగకుండా ఒక పక్కనుంచి తినడం మొదలుపెట్టింది. అక్కడ పిల్లలు, పెద్దలు అందరూ అలాగే తింటారట.

అమ్మ ఆ గుంటకేసి కళ్ళార్పకుండా చూసింది. మొహం వొక పక్కకే నవ్వుతుంది అప్పట్లో. ఆ పక్క అంతా నవ్వింది.

"వీళ్ళూ గుంట చేసుకుంటార్రా!" అంది.

వేడన్నంలో గుంట చేసి పప్పో పులుసో పోసుకోని తెలుగుబిడ్డ ఎవడు? మాకు చిన్నప్పుడు చారుకు గట్టు తెగితే అమ్మ కసిరేది. అమ్మ చెంచా తిప్పి పట్టుకుని, వొణికే చేత్తోనే తన ముద్దలో గుంట చేసింది. పుట్టగొడుగుల గ్రేవీ వద్దంది, అవి ఆవిడ ముట్టదు. "పప్పు పొయ్యి" అంది. అమ్మకోసం పలచన చేసి జల్లెడపట్టిన ముద్దపప్పు వుంది. అక్కయ్య ఆ గుంటలో పోసి పైన నెయ్యి వేసింది. అమ్మ గట్టు తెగనివ్వకుండా తింది. మధ్యలో ఒకసారి పెదవి చివరినుంచి కారింది. పెద్దావిడ తన రుమాలుతో ముందు తన మూతి తుడుచుకుని, అదే వూపులో అమ్మ మూతీ తుడిచేసి, కబుర్లలో పడిపోయింది. అమ్మ ఏమీ అనలేదు.

డిసెంబరు మొదటివారంలో నేను కాకినాడ వచ్చేశాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఒక రాత్రి వుండగా అక్కయ్య ఫోను. అమ్మను అయిదో మెట్టుకు ఎక్కించారట. సన్నటి నలుసు వుండవచ్చు. అన్నం కూడా, పొడిపొడిగా కాకుండా, జిగటగా కాకుండా, బాగా తడిపి పెట్టవచ్చు. పెరుగు కలిపి మెదిపి పెట్టిందట. అమ్మ చెంచా పక్కన పెట్టి కుడిచెయ్యి కంచంలోకి తెచ్చుకుందట. వేళ్ళు సరిగా మూతపడవు, ముద్ద నిలవదు. నాలుగు ముద్దలకు అరగంట పట్టిందట. ఎవరినీ పట్టుకోనివ్వలేదట.

నాలుగు ముద్దలయ్యాక కంచం అంచు చూపించి, "కూరేదీ?" అందట.

"ఏం కూరమ్మా?" అంది అక్కయ్య.

"అదే, వెన్నకూర."

ఇక జంతికల గొట్టంతో పనిలేదు గనక అక్కయ్య వేడి దుంపల్ని పప్పుగుత్తితో మెదిపి, నెయ్యీ పాలూ కలిపి అన్నం పక్కన ఒక ముద్ద పెట్టింది. దానిమీద ఇంగువ తిరగమోత వెయ్యమంది అమ్మ. ఆవగింజ గొంతుకు అడ్డం పడుతుందని అక్కయ్య ఒప్పుకోలేదు. కాసేపు తగువయ్యాక, నేతిలో ఇంగువ వేయించి, వడగట్టి, ఆ నెయ్యి మాత్రం పోసిందట.